అలుపుకు కూలి

పని మొదలు కావడానికి ఇంకా చాలా వ్యవధి ఉంది. అయినా తవిటమ్మ అంకె అప్పటికే నలభై దాటి ఉంది.

విశాఖపట్నంలో ప్రయోగశాల తలుపు తీసి, చేతిసంచీ ఇంకా భుజం మీంచి దించకముందే దమయంతి తెర మీద చూసిన మొదటి సంగతి అది. ఇన్నాళ్ళూ సాయంత్రం అంకెలే చూసేది, ఇంత పొద్దున్నే ఎప్పుడూ చూడలేదు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. నలభై రెండు. రాత్రంతా పడుకుని లేచిన మనిషి ఒంట్లో అలుపు సున్నా దగ్గర ఉండాలి. మూడో నాలుగో ఉన్నా సరే అనుకోవచ్చు. నలభై అంటే పొద్దుటినుంచీ వంచిన నడుం ఎత్తకుండా పనిచేసి, మధ్యాహ్నం అన్నం దగ్గర కూలబడేటప్పుడు ఉండే అంకె.

"బిళ్ళ పాడై ఉంటుంది. మార్చెయ్" అన్నాడు ఇమ్మానుయేలు. ఆరేళ్ళుగా ఆమెతో కలిసి ఆ బిళ్ళ మీద పనిచేస్తున్నవాడు. ఏ చెడ్డ కబురు విన్నా ముందు యంత్రాన్నే అనుమానిస్తాడు.

"ఒక్కటైతే పాడైందనుకోవచ్చు. షెడ్డులో అందరివీ ఇలాగే ఉన్నాయి. ఇదిగో అసిరమ్మ, ముప్ఫై ఎనిమిది. రోహిణికి పాతికేళ్ళు కూడా లేవు, దానికీ ముప్ఫై."

ఇమ్మానుయేలు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి యంత్రాన్ని ఏమీ అనలేదు.

మెడ వెనక అంటించే ఆ బిళ్ళ రూపాయి నాణెం అంత ఉంటుంది. అలిసిన కండరం రక్తంలోకి వదిలే పదార్థాలని చర్మంలోంచే పసిగట్టి, అంకె చేసి పంపుతుంది. ముంజేతికి అంటిస్తే పోలేదా అని మొదట్లో అందరూ అన్నారు. కానీ పలాసలో జీడిపిక్కలు కోసే ఆడవాళ్ళ చేతులు పిక్క రసానికి కాలి, నల్లబడి, పొరలుపొరలుగా లేచిపోయి ఉంటాయి. ఆ చర్మం మీద ఏదీ అంటుకోదు. దమయంతికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. తల్లి పోయాక ఆమెకి జడ వేసి, అన్నం కలిపి పెట్టి, చదివించినవి ఆ చేతులే. తవిటమ్మ ఆమెకి పిన్ని.

ఇదివరకు కూలి కిలోల లెక్కన ఉండేది. పిక్క గట్టిదైతే కిలో తగ్గేది, పప్పు విరిగితే కూలి విరిగేది, ఎండాకాలం రేకుల షెడ్డులో కళ్ళు తిరిగితే ఆ రోజు అంతే సంగతి. 'కూలి ఇవ్వాల్సింది పిక్కకి కాదు, మనిషికి' అన్నది దమయంతి పట్టుదల. అలుపుని కొలిచి, అలుపుకి కూలి ఇప్పించాలి. రాష్ట్ర వేతన మండలి వారికి ఈ మాట నచ్చింది. పలాస దగ్గర ఒక జీడి కార్ఖానాలో వారం రోజులు పరీక్ష పెట్టారు. ఆ వారంలో ఒక రోజు పనికి సగటున ఎంత అలుపు వచ్చిందో దానికి వంద అని పేరు పెట్టారు. వంద వస్తే రోజు కూలి పూర్తిగా వస్తుంది, తక్కువైతే తక్కువ, ఎక్కువైతే ఎక్కువ. మూడు నెలలుగా ఆ ఒక్క కార్ఖానాలో అలాగే నడుస్తోంది. సోమవారం మండలి వారు స్వయంగా వచ్చి విచారణ జరిపి సరేనంటే, ఆ వంద రాష్ట్రంలోని జీడి కార్ఖానాలన్నిటికీ చట్టం అవుతుంది. తర్వాత రొయ్యల షెడ్లకి, ఇటుక బట్టీలకి.

"సోమవారం లోపల ఇదేమిటో తేలకపోతే?" అన్నాడు ఇమ్మానుయేలు.

దమయంతి అప్పటికే రైలు వేళలు చూస్తోంది.

*

తవిటమ్మ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి దమయంతి అరుగు మీద కూచుని ఉంది. పిన్నిని చూడగానే గబుక్కున లేచింది. మనిషి సగానికి సగం అయింది. బుగ్గలు లోపలికి పోయి, పెదాలు పగిలి ఉన్నాయి. పాదాలు మాత్రం ఉబ్బి చెప్పుల పట్టీల మధ్యనుంచి పొంగుతున్నాయి.

"ఒలే అమ్మీ, ఎప్పుడొచ్చినావు? కబురైనా ఎట్టనేదు" అని తవిటమ్మ మొహమంతా నవ్వు చేసుకుంది. "మొన్న నీ బొమ్మ పేపర్లో ఏసినారంట కదా. అసిరమ్మ అప్ప కొడుకు సూపించినాడు. బజారంతా తిప్పినాను ఆ కాయితం."

అరగంటలో చేపల పులుసు పొయ్యి దిగింది. కంచం ఒక్కటే వేసింది.

"నువ్వు తినవా?"

"ఇయ్యాల సుక్కురారం కదేటి. అమ్మోరికి ఉపాసం."

దమయంతి సరేననుకుంది. మర్నాడు పొద్దున్న అంబలి కలిపి దమయంతికి ఒక్కదానికే పోసినప్పుడు మళ్ళీ అడిగింది.

"శనారం ఎంకటేస్పర్లకి."

"రేపు?"

"ఆదివారం సూరినారాయణమూర్తికి. అరసవిల్లి సావికి మొక్కుకున్నాను."

"సోమవారం శివుడికా పిన్నీ?"

తవిటమ్మ గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఇంత భక్తి ఆ ఇంట్లో దమయంతి ఎన్నడూ ఎరగదు. దీపం పెట్టమంటే నూనె దండగ అనే మనిషి. దమయంతి లేచి కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి తెచ్చి చేతికిచ్చింది. తవిటమ్మ ఒక్క గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, పెరట్లో ఉమ్మేసింది.

"మింగలేదేం?"

"దాహం నేదమ్మీ."

"పెదాలు అలా పగిలిపోయి ఉంటే దాహం లేదా? పిన్నీ, నా మొహం చూసి చెప్పు."

తవిటమ్మ పమిటతో మూతి తుడుచుకుంది. అబద్ధం ఆడటం చేతకాని మనిషి.

"తాగితే అంకి ఎక్కదే. తిన్నా అంతే. కడుపు ఎండగట్టుకుని పనికి కూకుంటే బేగి బేగి ఎక్కుద్ది. ముందు రోహిణి కనిపెట్టింది. దానికి జొరమొచ్చి ఏటీ తినకుండా వొచ్చిన రోజున వంద దాటీసింది. అప్పట్నుంచీ అందరం అలగే సేస్తన్నాం."

ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని మంచం ఎక్కించిందో దమయంతి చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉంది. నీళ్ళు తాగండి, నీళ్ళు తాగండి అని డాక్టర్లు గొంతు పోయేలా చెప్పే చోట, తను చేసిన బిళ్ళ నీళ్ళు మాన్పించింది.

"ఎందుకే? మామూలుగా పని చేసుకుంటే కూలి వస్తుందిగా. వంద అంటే మీరు మామూలుగా రోజూ చేసే పనే కదా."

"మామూలుగా సేస్తే అరవై రాదు."

"పరీక్ష వారంలో అందరికీ వచ్చింది."

తవిటమ్మ నవ్వింది. చిన్నపిల్ల తెలివితక్కువగా మాట్లాడితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు.

"ఆ వారం వొస్తే రాదేటి? అది నీ పరీక్ష. మా పేట గుంట పరీక్షకి మేం సాయం పని సేసినాం."

సాయం పని అంటే ఏమిటో ఆ పేటలో పుట్టిన ఏ ఆడపిల్లకైనా తెలుసు. ఒకరి ఇంటికి కప్పు వేస్తుంటే ఇంటికొకరు వెళ్ళి ఒక రోజు పని చేసిపెడతారు. దానికి కూలి అడగరు, మధ్యలో నడుం వాల్చరు. తమ సొంత పనిలో చూపించని ఊపు అక్కడ చూపిస్తారు. సాయం పనిలో చెయ్యి నెమ్మదిస్తే, ఆ ఇంటివాళ్ళని లెక్కచెయ్యనట్టు. పరీక్ష వారంలో షెడ్డంతా అలా పని చేసింది. పిక్క కోసే మిషను పెడల్ మీద కాలు ఆగలేదు, పిడి మీద చెయ్యి ఆగలేదు. తమ పేట పిల్ల ఫెయిలవ్వకూడదు. అంత ఎత్తున వచ్చిన అంకెని పట్టుకుని, ఇదీ వీళ్ళ రోజు కష్టం అని దమయంతి మండలి ముందు కళ్ళు చెమర్చేలా మాట్లాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆ వారం పనిని వాళ్ళు జీవితాంతం చెయ్యాలి.

"నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"సెప్తే నీ బిళ్ళ తప్పని తెలిసిపోదేటి?"

*

పనికి వెళ్తానని మొండికేసిన తవిటమ్మని ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి దమయంతికి తలప్రాణం తోకకొచ్చింది. రక్తం తీసి పరీక్ష చేశాక, డాక్టరు కాగితం చూస్తూ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకా చేతిలోనే ఉందమ్మా. నీళ్ళు, తిండి, విశ్రాంతి. మూడూ ఉంటే తేరుకుంటారు. ఇలాగే ఇంకొన్నాళ్ళు లాగితే కిడ్నీలు చేతులెత్తేస్తాయి. అప్పుడు నా దగ్గరికి తెచ్చినా ఒకటే, తేకపోయినా ఒకటే" అన్నాడు. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ అడిగాడు. "ఆ కార్ఖానాలోంచి ఇలా వచ్చినవాళ్ళలో ఈమె నాలుగోది. అక్కడ ఏం జరుగుతోంది?"

దమయంతి తల దించుకుంది.

బయట మెట్ల మీద దమయంతి పిన్ని చెయ్యి పట్టుకుని, "నువ్వు ఇంక ఆ షెడ్డు తొక్కద్దు. నేను చూసుకుంటాను నిన్ను" అంది.

"నానొక్కదాన్నీ మానీస్తే అవుద్దేటి? అసిరమ్మ అప్ప మానదు, రోహిణి మానదు. నీ పిన్నే మానీసిందంటే బిళ్ళకేదో ఒచ్చిందని బోర్డోలు అడగరేటి? సోమారం దాటనీ. నీ పేరు నిలబడిపోనీ. అప్పుడు సూద్దాం."

"అప్పుడు ఏం చూస్తావు? అప్పటికి అది చట్టమైపోతుంది."

తవిటమ్మ వినిపించుకోలేదు. ఇన్నేళ్ళూ ఈ గుంట కోసమే కష్టపడింది. ఇప్పుడు మానమంటే మానే మనిషి కాదు. దమయంతికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఎవరి మీదో తెలియలేదు.

*

కార్ఖానా యజమాని జగన్నాయకులు ఆదివారం కూడా ఆఫీసు గదిలోనే ఉంటాడు. మనిషి మర్యాదస్తుడు, గొంతు పెంచడు. దమయంతి చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. పరీక్ష వారం సరిగ్గా జరగలేదని, ఆ వంద మామూలు రోజు పని కాదని, మండలికి ఇద్దరూ కలిసి చెబితే బాగుంటుందని ఆమె అంది.

"ఆ వంద నేను పెట్టలేదు కదమ్మా, మీరు పెట్టారు" అన్నాడు.

"తప్పు పెట్టాను."

"మూడు నెలలుగా పూర్తిగా మీరు చెప్పినట్టే ఇస్తున్నాను. కిలోల లెక్కన ఇచ్చేటప్పుడు నన్ను దొంగ అన్నారు. ఇప్పుడు మీ యంత్రం ఎంత అంటే అంత. పైగా పని కూడా జోరందుకుంది. నేనెందుకు కాదంటాను?"

"వాళ్ళు తిండి మానేసి వస్తున్నారు. నీళ్ళు తాగడం లేదు."

"షెడ్డులో రెండు కూలర్లు పెట్టించాను, మీరు చూశారో లేదో. మొదట్లో సాయంత్రానికి ఖాళీ అయిపోయేవి. ఇప్పుడు పొద్దున నింపిన నీళ్ళు పొద్దుటిలాగే ఉంటున్నాయి. అదేం చోద్యమో నాకు తెలీదు."

ఆ మాట అంటూ ఆమె కళ్ళలోకే చూశాడు. అతనికి తెలుసు. తెలిసీ కూలర్లు నింపిస్తున్నాడు.

"నేను రేపు చెబుతాను" అంది దమయంతి.

జగన్నాయకులు బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు. "పరీక్షకి కూచున్నవాళ్ళు మీకేమవుతారో మండలి వారికి చెప్పారా? నేనైతే చెప్పలేదు. ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే, విశాఖపట్నంలోనే ఎవరికీ తెలీదు. నేను చెప్పాల్సిన అవసరం రాకూడదని నా కోరిక. వచ్చిందనుకోండి, మీరూ వాళ్ళూ కూడబలుక్కుని అంకె పెంచారంటారు. మీ ఉద్యోగం సంగతి మీరు చూసుకుంటారు, చదువుకున్నవారు. వాళ్ళని మాత్రం మోసం చేసినవాళ్ళుగా నేను పనిలో ఉంచుకోలేను. నా స్థానంలో ఎవరున్నా అంతే."

బయటికి వచ్చాక దమయంతి ఇమ్మానుయేలుకి ఫోను చేసింది.

"సాఫ్ట్‌వేరులో పొరపాటు జరిగిందందాం" అన్నాడు అతను. "వందని అరవైకి దింపేద్దాం. నీ పేరూ ఉంటుంది, మీ పిన్నీ ఉంటుంది."

ఆ మాట విన్న క్షణంలో ఆమె ప్రాణం లేచొచ్చింది. అబద్ధమే, కానీ ఎవరికీ హాని చెయ్యని అబద్ధం. కాసేపు దాన్ని అన్ని వైపులా తిప్పి చూసుకుంది.

"జగన్నాయకులు ఊరుకోడు. రుజువేదంటాడు. మన చేతిలో ఉన్న రుజువు ఆ వారం ఒక్కటే."

"అయితే ఆ వారంలోనే వెతుకు."

ఆ రాత్రి, పిన్ని నిద్రలో మూలుగుతుంటే పక్కన కూచుని, దమయంతి పరీక్ష వారం అంకెలన్నీ మొదటినుంచీ మళ్ళీ చదివింది. ఈసారి సాయంత్రాల అంకెలు చూడలేదు. ఇంతవరకు ఎవరూ పట్టించుకోని తెల్లవారు అంకెలు చూసింది.

*

మండలి అధ్యక్షురాలు ఇందుమతి, రిటైరైన జడ్జి. తలంతా తెల్లబడినా చూపు సూదిలా ఉంటుంది. విచారణ షెడ్డులోనే పెట్టించింది. మిషన్లు ఆపేసి, కుర్చీలు వేశారు. ఎదురుగా నేల మీద ఆడవాళ్ళు కూచున్నారు. ఇందుమతి నివేదిక పైపైన తిరగేసి, మొదటి ప్రశ్న తవిటమ్మనే అడిగింది. ముందు వరసలో కూచుంది కాబట్టి.

"పరీక్ష వారంలో మీరు చేసిన పని, మామూలుగా రోజూ చేసే పనేనామ్మా?"

దమయంతి పొద్దున్న పిన్నికి ఎంతో చెప్పింది. నిజం చెప్పమని, ఏం జరిగినా తను చూసుకుంటానని. తవిటమ్మ అన్నిటికీ తలూపింది.

ఇప్పుడు తవిటమ్మ లేచి నిలబడి, చేతులు కట్టుకుంది.

"రోజూ అలగే సేస్తామండి. మాకు పని కొత్తేటండి?"

"అవునండి" అంది అసిరమ్మ.

"అంతేనండి" అంది రోహిణి.

ఒకరి వెనక ఒకరు, వరసంతా అంతేనంది. జగన్నాయకులు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇందుమతి కలం తీసింది. ఇంక సంతకం పెట్టడమే తరువాయి. పరీక్ష వారం ఎలా జరిగిందో సరిగ్గా అలాగే మళ్ళీ జరిగింది. అందరూ కలిసి తమ పిల్లని గట్టెక్కిస్తున్నారు.

దమయంతి లేచి నిలబడింది.

"మా పిన్ని అబద్ధం చెబుతోందండి."

ఇందుమతి కలం పట్టుకునే తలెత్తింది.

"మీ పిన్నా?"

"అవునండి. నన్ను పెంచింది. వీళ్ళందరూ మా పేటవాళ్ళే. ఈ సంగతి మీకు ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ వారం వీళ్ళు మామూలు పని చెయ్యలేదు, నా కోసం సాయం పని చేశారు. వీళ్ళకి అది మోసమని తెలీదు. ఒకరికొకరు చేసుకునే మర్యాద అది."

"ఒలే దమయంతీ, కూకో" అంది తవిటమ్మ.

"కూచోను పిన్నీ."

జగన్నాయకులు లేచాడు. "చూశారా అమ్మా. వాళ్ళు ఒకటి చెబుతున్నారు, ఈవిడ ఒకటి చెబుతోంది. ఇంతకీ ఎవరి మాట నమ్మాలి?"

"ఎవరి మాటా నమ్మక్కర్లేదు" అని దమయంతి తెల్లవారు అంకెలున్న కాగితం ఇందుమతి ముందు పెట్టింది. "ఇవి పరీక్ష వారంలో రోజూ నిద్ర లేచేటప్పటి అంకెలు. మొదటి రోజు అందరివీ సున్నా దగ్గర. రెండోరోజు కొంచెం ఎక్కువ, మూడోరోజు ఇంకా ఎక్కువ. వారం ఆఖరికి మా పిన్ని పడుకుని లేచినా ముప్ఫై మీద ఉంది. రోజూ అలవాటైన పని చేసుకునే ఒళ్ళు పొద్దుటికి తేరుకుంటుంది. లేకపోతే ఇన్నేళ్ళు ఎలా చేస్తారు? ఆ వారం వీళ్ళెవరూ తేరుకోలేదు. ఇప్పుడూ తేరుకోవడం లేదు. వంద దాటించడానికి తిండీ నీళ్ళూ మానేస్తున్నారు. నలుగురు కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు, అందులో ఈవిడొకర్తె."

ఇందుమతి కాగితం మీద వేలు పెట్టి వరసవరసా చదివింది. తర్వాత తవిటమ్మ పాదాల వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"అయితే ఈ బిళ్ళ పనికిరాదంటారా?"

"అలుపుకి కూలి ఇస్తే మనుషులు అలుపునే పండిస్తారండి, అది నాకు తట్టలేదు. దీనితో కూలి కొలవద్దు. పొద్దుటికి తీరిపోయే అలుపు ఎంతో అంతవరకే ఒక రోజు పని. ఆ పనికి మనిషి బతకగలిగే కూలి పూర్తిగా రావాలి. అంతకు మించి చేయిస్తున్నారో లేదో చూడ్డానికి మాత్రం బిళ్ళ ఉంచండి."

"అలాగైతే నేను మునిగిపోతాను" అన్నాడు జగన్నాయకులు. మొదటిసారి గొంతు పెరిగింది.

"మీరు ఇన్నాళ్ళూ తేలింది దేని మీదో ఇప్పుడే చూశాను" అంది ఇందుమతి. కలం మూసేసింది. "కొత్త పరీక్ష జరగాలి. అది పూర్తయ్యేదాకా అంకెతో పని లేకుండా అందరికీ రోజు కూలి పూర్తిగా ఇవ్వండి. ఎవరినీ పనిలోంచి తియ్యడానికి వీల్లేదు. పరీక్ష చేసేవాళ్ళు వీళ్ళకి ఏమీ కానివాళ్ళై ఉండాలి." దమయంతి వైపు తిరిగింది. "మీరు షెడ్డు గుమ్మం తొక్కకూడదు. నివేదిక మీద మీ పేరు ఉండదు. పాత పరీక్ష గురించి మీ సంస్థకి నేను రాయాల్సి ఉంటుంది."

ఆరేళ్ళ పని. దమయంతి అలాగేనండి అంది.

బయటికి వస్తుంటే తవిటమ్మ ఎదురైంది. "నలుగుర్లో నన్ను అబద్దాలకోరుని సేసీసినావు" అంది. "నీకోసరమే సెప్పినాను." ఆ తర్వాత మాట్లాడటం మానేసింది.

*

సంస్థ దమయంతిని సెలవులో పంపింది. ఆమె పిన్ని ఇంట్లోనే ఉండిపోయి మందులు, నీళ్ళు, మూడు పూటలా తిండి దగ్గరుండి చూసుకుంది. ఇప్పుడు కడుపు మాడ్చుకుని లాభం లేదు కాబట్టి తవిటమ్మ తినేది, ఇచ్చిన నీళ్ళు తాగేది, ఒక్క మాట ఆడేది కాదు. ఏదైనా కావాలంటే గోడకి చెప్పేది. నెల తిరిగేసరికి డాక్టరు పనికి వెళ్ళొచ్చన్నాడు. తెల్లవారు అంకె కిందికి దిగింది. పిన్ని మాత్రం దిగిరాలేదు.

కొత్త పరీక్ష ఇమ్మానుయేలుకి అప్పగించారు. అతను పలాస ఎన్నడూ చూడలేదు. అక్కడ అతనికి పూచికపుల్లంత చుట్టరికం లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం ఫోను చేశాడు. గొంతు హుషారుగా ఉంది.

"ఎంత మంచివాళ్ళు దమయంతీ. పొద్దున్న రాగానే టీ ఇచ్చారు. పెళ్ళయిందా, అమ్మ ఉందా అని అడిగారు. అమ్మ పోయిందంటే అసిరమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. చేపల పులుసు పెట్టారు, నా కొడుకులాంటోడివి అన్నారు."

"అంకెలెలా ఉన్నాయి?"

"అదే చెప్పబోతున్నా. మొదట్లో నెమ్మదిగానే ఉన్నాయి. భోజనాలయ్యాక ఎందుకో జోరుగా ఎక్కుతున్నాయి."

"ఇమ్మానుయేలూ, కొంప ముంచావు. ఇవాళ్టి రోజు లెక్కలోంచి తీసెయ్. రేపటినుంచి ఎవరి చేతి అన్నమూ తినకు. నవ్వకు. మీ అమ్మ సంగతి ఎత్తకు. ఎవరైనా పలకరిస్తే మొహం మాడ్చుకో. నిన్ను చూస్తే వాళ్ళకి ఒళ్ళు మండాలి."

"నాకు చేతకాదు అలాంటివి."

"చేతనవ్వాల్సిందే. వాళ్ళకి నువ్వు నచ్చావంటే ఇంకోసారి వందే వస్తుంది. ఈసారి ఆ చట్టాన్ని ఎవరూ తప్పించలేరు."

మర్నాడు రోజంతా దమయంతి కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగింది. ఫోను చెయ్యద్దని తనే అతనికి చెప్పింది. షెడ్డు వైపు వెళ్ళే వీల్లేదు. ఇమ్మానుయేలు మెత్తని మనిషి. ఎవరో ఒకరు టీ గ్లాసు చేతికిస్తే వద్దనలేడేమో. ఆ గ్లాసు పుచ్చుకుంటే చాలు, షెడ్డంతా నడుం బిగిస్తుంది. అన్నం వండింది, కూర వండింది, దేనిలో ఉప్పు వేసిందో లేదో తెలియదు.

పొద్దు వాలే వేళకి తవిటమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కుని, గోడకి ఆనుకుని కూచుంది. దమయంతి ఆమె మొహంలోకి చూసింది. ఏమీ తెలియలేదు.

"ఎలా ఉంది పిన్నీ, ఇవాళ?"

జవాబు వస్తుందని ఆశ లేదు. కానీ తవిటమ్మ ఉన్నట్టుండి గోడ వైపు కాకుండా ఆమె వైపే తిరిగింది. పొద్దుటినుంచీ దాచుకున్న ఉక్రోషం అంతా బయటికి వచ్చింది.

"ఎవులే ఆడు? నిన్న ఇకిలించుకుంటా కూడు తిన్నాడు, ఇయ్యాల టీ ఇస్తే అక్కడెట్టమన్నాడు. అసిరమ్మ అప్ప బాబూ అని పిలిస్తే పని సూసుకో అన్నాడు. పని సూసుకోడం ఆడు నేర్పాలేటి మాకు? ఆడి కోసరం నాను సేతులిరగ్గొట్టుకుంటానేటి? ఎప్పుడూ సేసినట్టే సేసినాను. నడుం నొప్పెడితే కాసేపు నిలబడ్డాను. దాహమేస్తే ఎల్లి నీల్లు తాగినాను. ఆడు రాసుకుంటే రాసుకోనీ."

దమయంతి కళ్ళంట నీళ్ళు బొటబొటా కారిపోయాయి. తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"ఎందుకే ఏడుస్తావు? ఏటైనాదని?" అంది తవిటమ్మ విసుగ్గా. "లెగు. ఆకలేస్తంది, కూడెట్టు."

దమయంతి కంచం తెచ్చి అన్నం వడ్డించింది. కూరలో ఉప్పు లేదని తవిటమ్మ తిట్టింది. తిడుతూనే కలుపుకుని, పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది.